లంక పడవకు నడిమి స్టీరింగు పెట్టె

గోదావరి లంకలలో సేద్యం చేసే రైతుకు గట్టున బండి ఎంత అవసరమో, ఏటిలో పడవ అంత అవసరం. ఇల్లు గట్టు మీద, పొలం ఏటి నడుమ. అరటి గెలలు, కొబ్బరికాయలు, కూరగాయల తట్టలు, పాల క్యాన్లు, ఎరువు బస్తాలు, కూలి జనం, బడి పిల్లలు అందరూ అన్నీ ఆ పడవలోనే దాటవలెను. వరద వచ్చినపుడు పశువుల మేత, మంచినీళ్లు, పురిటికి పోవలసిన స్త్రీ కూడ ఆ పడవ మీదనే ఆధారపడుదురు.

గడకర్రతో, తెడ్డుతో నడచిన పడవలకు బదులు ఇప్పుడు అనేక రేవులలో ఫైబరు పడవలు, వాటి వెనుక తగిలించిన మోటార్లు కనబడుచున్నవి. పడవ మారినది, బలం మారినది. కాని సరంగు కూర్చునే చోటు మాత్రం మారలేదు. తెడ్డు పట్టిన తాత ఎక్కడ కూర్చుండెనో, మోటారు పిడి పట్టిన మనుమడు కూడ అక్కడనే, అమరం మీదనే కూర్చుండి నడపుచున్నాడు. తెడ్డుకు అది సరియైన చోటే. మోటారుకు కాదు. సరంగును పడవ నడుమకు తెచ్చి, అతని ముందు ఒక చిన్న పెట్టె నిలిపి, దానికి స్టీరింగు చక్రం అమర్చుకొను విధం ఈ వ్యాసంలో వివరింపబడినది. దీనిని ఇంగ్లీషులో సెంటర్ కన్సోల్ అందురు. 1960 దశకంలో అమెరికాలోని ఫ్లోరిడా తీరపు చేపల పడవలలో ఇది బాగా వ్యాపించినది. మనం స్టీరింగు పెట్టె అని పిలుచుకొందము.

ఇది కొత్త వింత కాదు. రాజమండ్రి నుండి పాపికొండల వైపు నడచిన లాంచీలలో సరంగుకు వేరుగా చోటు, చక్రం ఉండుట మీలో చాలమంది చూచియే యుందురు. పెద్ద లాంచీలో ఉన్న సదుపాయమును చిన్న పడవకు తగినట్లు కుదించుటయే మనం చేయు పని. అయితే కుదించుటలోనే మెలకువ ఉన్నది. సరిగా చేసిన పెట్టె పడవను నిలబెట్టును. ఎత్తుగా, బరువుగా, పైపైన మేకులు కొట్టి నిలిపిన పెట్టె పడవను పడవేయును.

వెనుక కూర్చుంటే వచ్చే చిక్కు

కావడి మోసేవానికి ఈ సంగతి చెప్పనక్కరలేదు. ఒక కుండ బరువై రెండవది తేలికైతే బద్ద ఒక వైపుకు ఒరుగును. పడవ కూడ నీటి మీద కావడి బద్ద వంటిదే.

20 అడుగుల ఫైబరు పడవను లెక్కకు తీసికొనుడు. 40 గుర్రాల మోటారు బరువు 70 కిలోలు, కొన్ని రకాలకు అంతకంటె ఎక్కువ. సరంగు 65 కిలోలు. 25 లీటర్ల పెట్రోలు, దాని డబ్బాతో సహా 20 కిలోలు. బ్యాటరీ ఉన్నచో మరి 20 కిలోలు. ఇదంతయు కలిపి సుమారు 175 కిలోలు, అనగా మూడున్నర యూరియా పాత బస్తాల బరువు, చివరి రెండు మూడు అడుగులలోనే పడుచున్నది. అమరం నీటిలో దిగి, అణియం ఆకాశం చూచును. ముక్కు లేచిన పడవకు ఎదురుగాలి తగిలితే తిరగబెట్టును. వెనుక అంచు మీదుగా అల లోపలికి వచ్చును. పెట్రోలు కూడ వృధా అగును.

దీనికి మన రైతులు కనిపెట్టిన మందు ఒకటున్నది. అరటి గెలలు, కొబ్బరి బస్తాలు అన్నీ అణియంలో గుట్ట వేయుదురు. పడవ సమంగా తేలును, నిజమే. కాని వెనుక క్రింద కూర్చున్న సరంగు కన్ను పడవ అడుగు నుండి మూడు అడుగుల ఎత్తున ఉండును; గెలల గుట్ట నాలుగు అడుగులు లేచును. బరువు సరిచేయబోయి చూపు పోగొట్టుకొనుట ఇది. వరద నీటిలో కొట్టుకొని వచ్చే దుంగ, గుర్రపుడెక్క తెప్ప, నీట మునిగిన వలగుంజ, వంతెన స్తంభం, ఎదురు పడవ అతనికి కనబడవు. ముందు కూర్చున్నవారు చేయి ఊపి చెప్పవలసినదే. వారు ఊపు చేయి కుడికా, ఎడమకా అని అతడు తేల్చుకొనులోపల ప్రవాహం తన పని తాను చేయును.

2018 జూలై 14న ఐ. పోలవరం మండలం పశువుల్లంక రేవు వద్ద బడి నుండి ఇళ్లకు మరలుచున్న పిల్లలతో పోవు నాటు పడవ, కట్టుబడిలో ఉన్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడినది. విద్యార్థినులు నీటి పాలైరి. స్టీరింగు పెట్టె ఉన్నచో అట్టి ప్రమాదాలు జరుగవని ఈ వ్యాసం చెప్పుట లేదు. ప్రవాహపు నీటిలో స్తంభం ఒక్కసారి దగ్గరైన తరువాత తప్పించుకొనుట ఎంత కష్టమో, దూరమునుండియే చూచుట ఎంత ముఖ్యమో లంకవాసులందరికి తెలిసినదే. సరంగు చూపు, పడవ బరువు, ఆపద సమయాన మోటారును అదుపు చేయుట - ఈ మూడింటిని గూర్చియే మనం మాట్లాడుకొనుచున్నాము.

సరంగు, బ్యాటరీ, పెట్రోలు డబ్బా ఈ మూడును పడవ నడుమకు వచ్చినచో వంద కిలోలకు పైబడిన బరువు ఆరేడు అడుగులు ముందుకు జరిగినట్లగును. అణియంలో గుట్ట వేయు అవసరం తగ్గును. సరుకును పడవ పొడవునా పల్చగా పరచుకొనవచ్చును. సరంగు నిలుచుండి నడపును గనుక అతని కన్ను అయిదు అడుగుల ఎత్తుకు వచ్చును.

ఏ పడవకు నప్పును

అన్ని పడవలకు ఇది పనికిరాదు. పొడవైన ఇనుప గొట్టం చివర పంకా ఉండు లాంగ్‌టెయిలు ఇంజనును సరంగు చేతితోనే ఎత్తి దించుచు నడపవలెను. దానికి పెట్టె కట్టించుట డబ్బు దండుగ. అట్టి పడవ గలవారు ఈ వ్యాసంలో ఆపు తాడును గూర్చి, తేలు దిమ్మెలను గూర్చి వ్రాసిన భాగములు చదివిన చాలును.

వెనుక తగిలించు మోటారుకైనను, దూరమునుండి నడుపుటకు వీలుగా కేబుళ్లు తగిలించు ఏర్పాటు ఉండవలెను. కొన్ని మోటార్లు చేతిపిడితో మాత్రమే వచ్చును. వాటికి విడిగా అమర్చు సామాను అదే కంపెనీవారి వద్ద దొరుకునో లేదో ముందు విచారించుడు. పెట్టె కట్టిన తరువాత విచారించిన లాభం లేదు. పడవ పొడవు 16 అడుగులకు, అడుగు పలక వెడల్పు 4 అడుగులకు తక్కువైనచో ఈ పని పెట్టుకొనవద్దు. పెట్టెకు ఇరువైపుల మనిషి నడచుటకు దారి మిగులదు. దారి లేనపుడు జనం పడవ అంచు మీద కాలు పెట్టి దాటుదురు. అంచు మీద కాలు పెట్టిన పడవ సంగతి వేరే చెప్పవలెనా?

లోపల డీజిలు ఇంజను, వెనుక చుక్కాని గల కర్ర నావకు కూడ నడిమి చక్రం పెట్టవచ్చును. చక్రం నుండి చుక్కాని వరకు ఉక్కు తీగ తాడును కప్పీల మీదుగా నడుపుదురు. అందు కప్పీలు తుప్పు పట్టి బిగుసుకొనుట, తీగ తాడు పోగు పోగుగా తెగుట సామాన్యం. అట్టి నావలో చుక్కాని తలకు తగిలించు చేతికర్ర ఒకటి అమరం వద్ద ఎల్లప్పుడు కట్టి ఉంచవలెను.

ముందు ఇసుక బస్తాలు, తరువాత వడ్రంగి

పెట్టె ఎక్కడ నిలుపవలెనన్నది కాగితం మీద తేలదు. 20 అడుగుల పడవలో అణియం కొస నుండి 11 అడుగులు మొదలు 12 అడుగుల వరకు సాధారణంగా తగిన చోటు. అనగా సరిగా నడిమికంటె కొంచెం వెనుకకు. కాని మీ పడవ అడుగు, మీ మోటారు బరువు, మీరు వేయు సరుకు వేరు. కాబట్టి పలక కోయించుటకు ముందు ఈ పరీక్ష చేసి చూడుడు.

గాలి లేని ఉదయం పడవను రేవులో కట్టి, మోటారు తగిలించి, పడవ పక్కన ముందు, వెనుక నీటి గీతలను సుద్దతో గుర్తించుడు. తరువాత 40 కిలోల ఇసుక బస్తాను పెట్టెకు బదులుగా, మరి 40 కిలోలు బ్యాటరీకి, పెట్రోలుకు బదులుగా నడుమ పెట్టుడు. సరంగును దాని వెనుక నిలువబెట్టుడు. మామూలుగా ఎక్కు సరుకు, మామూలుగా ఎక్కు మనుషులు ఎక్కవలెను. గీతలు మరల చూడుడు. అమరం అణియం కంటె రెండు మూడు అంగుళాలు దిగి ఉండుట మంచిది. ముక్కు దిగినచో బస్తాలను వెనుకకు, వెనుక ఎక్కువ దిగినచో ముందుకు జరుపుడు. సమంగా వచ్చిన చోట నేల పలక మీద మేకుతో గీత గీయుడు. పెట్టె అక్కడనే నిలుపవలెను.

అదే పరీక్షలో ఇంకొకటి చూడవలెను. ఇద్దరు మనుషులు ఒక పక్క అంచుకు చేరి నిలుచున్నపుడు పడవ ఎంత ఒరుగుచున్నదో, అంచుకు నీటికి ఎంత ఎడం మిగిలినదో కొలువుడు. పెట్టె అమర్చిన తరువాత ఇదే కొలత మరల తీసి సరిపోల్చుకొనుడు. నిండు బరువుతో సమంగా ఉన్నపుడు అంచు నీటికి ఒక అడుగు పైన లేనిచో, ఆ పడవకు కావలసినది పెట్టె కాదు, సరుకు తగ్గించుట.

పెట్టె కొలతలు

ఎత్తు 38 అంగుళాలు, అడ్డం వెడల్పు 22 అంగుళాలు, ముందు నుండి వెనుకకు 18 అంగుళాలు. ఈ కొలతలకు 12 మిల్లీమీటర్ల పలక 8×4 అడుగులది ఒక్కటి చాలును. సరంగు పొట్టివాడైనచో ఎత్తును 36 అంగుళాలకు దించవచ్చును. ఎత్తు పెంచవద్దు. నడుము పైకి వచ్చు పెట్టె చూచుటకు దర్జాగా ఉండును. దాని మీద గొడుగు కప్పు, కప్పు మీద మైకు, మైకు పక్కన జెండా వరుసగా ఎక్కును. చిన్న పడవకు అడుగున వేసిన పది కిలోలు బలం, తలపైన వేసిన పది కిలోలు శత్రువు. నీడ తప్పనిసరి అనుకొన్నచో తేలిక గొట్టాల మీద గుడ్డ కట్టి, గాలి లేచినపుడు ఒక్క ముడితో విప్పునట్లు ఉండవలెను. రేకు వేయరాదు.

పలక కొనునపుడు నీటికి ఓర్చు మెరైను ప్లైవుడ్ అడుగుడు. దాని మీద భారత ప్రమాణాల సంస్థవారి ముద్రతో 710 అను సంఖ్య ఉండును. 303 సంఖ్య గలది ఇంటి బీరువాలకు వాడు పలక. రెండును చూచుటకు ఒక్క తీరుగనే ఉండును, ధరలో తేడా ఉండును. చౌక పలక రెండు వరదలకు పొరలు పొరలుగా విడిపోవును.

పలకలను కోసి, లోపలి మూలలలో అంగుళంన్నర చదరపు టేకు పట్టెలు పెట్టి, జిగురు పూసి మరలతో బిగించవలెను. వెనుక వైపు, అనగా సరంగు వైపు, సగం మాత్రం మూసి మిగిలిన సగానికి తలుపు పెట్టుడు. లోపల అడుగు నుండి జానెడు ఎత్తున ఒక అర వేయుడు. బ్యాటరీ దాని మీద కూర్చుండును, పడవలో చేరిన నీరు దానిని తాకదు. పెట్టె ముందు గోడ పైభాగమును కొంచెం వెనుకకు వాల్చినచో అల తుంపరలు జారిపోవును, సరంగు మోకాళ్లకు చోటు మిగులును. మూలలన్నిటిని చిత్రికతో గుండ్రంగా చేయుడు. పడవ ఊగినపుడు మనుషుల నడుము, పక్కటెముకలు తగులునది ఆ మూలలకే. పైనుండి ఒక గుండ్రని గొట్టం పిడి ఇరువైపుల ఉండవలెను, పట్టుకొనుటకు.

ఫైబరు పూత

పలకకు వెలుపల రెండు పొరలు ఫైబరు చాప వేయవలెను. చదరపు మీటరుకు 450 గ్రాముల బరువు గల చాప ఈ పనికి సరిపోవును. మన పెట్టె వెలుపలి వైశాల్యానికి రెండు పొరలకు సుమారు 2 కిలోల చాప, దానికి రెండున్నర రెట్లు, అనగా 5 కిలోల రెసిను కావలెను. రెసిను ఎక్కువ పోసినంత మాత్రమున బలం రాదు. బరువు వచ్చును, పెళుసుదనం వచ్చును. చాప తడిసి గాజువలె పారదర్శకమగు వరకు బ్రష్షుతో పొడిచి, రోలరుతో గాలిబుడగలు వెళ్లగొట్టవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక. రెసినులో కలుపు రెండు మందులున్నవి. ఊదారంగు కోబాల్టు ఒకటి, నీళ్లవలె ఉండు గట్టిపరచు మందు రెండవది. ఈ రెండింటిని ఎన్నడును నేరుగా ఒకదానిలో ఒకటి పోయకూడదు. భగ్గున మండును, పేలవచ్చును. మొదట కోబాల్టును రెసినులో బాగుగా కలిపి, తరువాతనే రెండవ మందును కలుపవలెను. రెండవ మందు వంద పాళ్ల రెసినుకు ఒకటి నుండి రెండు పాళ్లు. ఎండ కాయునపుడు తక్కువ చాలును. ఆ మందు కంటిలో పడినచో చూపు పోవచ్చును. కళ్లద్దాలు లేకుండ ఈ పని చేయవద్దు, చేయించవద్దు. పిల్లలను దూరంగా ఉంచుడు. కొన్ని రెసినులలో కోబాల్టు ముందే కలిపి ఉండును, డబ్బా మీద చదివి తెలిసికొనుడు.

వాన పట్టినపుడు, గాలి చెమ్మగా ఉన్నపుడు రెసిను సరిగా గట్టిపడదు, జిడ్డుగా నిలిచిపోవును. కాబట్టి ఈ పని మాఘం మొదలు వైశాఖం లోపల ముగించుకొనవలెను. వేసవిలో ఏరు తగ్గి పడవ గట్టునెక్కినపుడే ఇది అనుకూలం కూడాను.

పెట్టెను దేనికి బిగించవలెను

ఇది ఈ పనిలో అన్నిటికంటె ముఖ్యం. ఈ వ్యాసకర్త మొదట చేయించిన పెట్టె చూచుటకు బాగుండెను. దానిని నేల పలకకు మరలతో బిగించితిమి. యానాం దిగువన, గాలికి ప్రవాహం ఎదురైన చోట, పడవ ఒక్క పెద్ద కుదుపు కుదిపెను. నేను తూలి చక్రమును పట్టుకొంటిని. చక్రం నన్ను ఆపలేదు. పెట్టెయే నాతో కూడ పక్కకు వచ్చినది. మరలు అన్నియు పలకలోనుండి ఊడి వచ్చినవి. కేబుళ్లు లాగి పట్టుట వలన పెట్టె నీటిలో పడలేదు, నేనును పడలేదు.

పెట్టెకు మనిషి బరువు తగులును. అదియు నిలువుగా కాదు, అడ్డంగా, పై అంచున తగులును. 38 అంగుళాల ఎత్తున 65 కిలోల మనిషి తూలినపుడు అడుగు బోల్టుల మీద పడు లాగుడు ఆ బరువుకు రెట్టింపగును. ఎందుకనగా పెట్టె పీట 18 అంగుళాలు మాత్రమే. పార పిడి పొడవైన కొలది పెళ్ల సులువుగా లేచును గదా. కాబట్టి నేల పలకను నమ్మవద్దు. నేల పలక క్రింద పడవ పొడవునా పోవు దూలాలు, అడ్డపట్టెలు ఉండును. బోల్టులు వాటిలోనికి దిగవలెను. దూలం అందని చోట పలక క్రింద అరచేయి వెడల్పు గల టేకు చెక్కను గాని, స్టీలు రేకును గాని ఆనించి, దాని గుండా బోల్టు పోవలెను. నాలుగు మూలల నాలుగు, నిడుపు పక్కల ఒక్కొక్కటి, మొత్తం ఆరు బోల్టులు. 8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలువి వాడుడు. నర్సాపురం, అంతర్వేది, యానాం ప్రాంతాల ఉప్పు కయ్యలలో తిరుగు పడవలకు మామూలు ఇనుప బోల్టులు ఒక్క సంవత్సరం కూడ నమ్మదగినవి కావు. పై ఊళ్లలో మంచినీటిలో తిరుగు పడవలకు సైతం స్టీలే మేలు.

కన్నం వేయునపుడు డ్రిల్లు పడవ అడుగు పొర వరకు దిగకుండ, బర్మా ముక్కుకు గుడ్డపీలిక చుట్టి లోతు గుర్తు పెట్టుకొనుడు. ఫైబరు పొరల నడుమ చెక్క ఉన్నచో, కన్నమును మొదట పెద్దదిగా వేసి, రెసినుతో నింపి, ఆరిన తరువాత దాని నడుమ బోల్టుకు సరిపడు కన్నం వేయుడు. ఈ శ్రమ చేయనిచో కన్నం గుండా నీరు చెక్కలోనికి దిగి, పైకి కనబడకుండ లోపల కుళ్లించును. రెండేండ్ల తరువాత పెట్టె కదలుట మొదలగును.

కేబుళ్లు

చక్రం నుండి మోటారుకు పోవు కేబులు ఎంత పొడవు కావలెనో అంచనా వేయుటలో చాలమంది పొరబడుదురు. ఒక మోకు తీసికొనుడు. చక్రం వెనుక నుండి పెట్టె లోపలుగా క్రిందికి, నేల మీదుగా అమరానికి, అక్కడ పైకి, మోటారు వరకు కేబులు పోవు దారిలోనే, వంపులతో సహా మోకును పరచి గుర్తు పెట్టుడు. ఆ కొలతకు పై పూర్తి అడుగు తీసికొనవలెను. పొట్టి కేబులు పనికిరాదు. మరీ పొడవైనది చుట్టలు పడి బిగియును. వంపు ఎక్కడను 8 అంగుళాల వ్యాసార్థానికి తక్కువ కాకూడదు. 16 అంగుళాల అడ్డుకొలత గల బేసిను అంచు వెంట వంగినంత వంపు అన్నమాట. అంతకంటె గట్టిగా విరిచినచో చక్రం బరువెక్కును, ఒకనాడు విరుగును.

నేల క్రింద కేబుళ్లకు 3 అంగుళాల పి.వి.సి. గొట్టం వేసి, నీరు నిలువకుండ వెనుకకు కొంచెం వాలు ఇవ్వవలెను. గొట్టం రెండు మూతులకు గుడ్డ కుక్కుడు. పడవ గట్టున బోర్లించిన వేసవి నెలలలో ఎలుకలు దీనిలో కాపురం పెట్టును. తీగల పైపూత వాటికి ఎంత రుచియో, తొలకరిలో మోటారు అంటుకొననపుడు తెలియును.

బ్యాటరీ ఒక చోట, పెట్రోలు ఒక చోట

పెట్టె లోపల ఖాళీ కనబడగానే పెట్రోలు డబ్బా కూడ అందులో దాచవలెనని బుద్ధి పుట్టును. చేయరాదు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువు. అది పైకి పోదు, మూసిన పెట్టె అడుగున, పడవ అడుగున పేరుకొనును. బ్యాటరీ తీగ ఒక్క మెరుపు మెరిసిన చాలును. బ్యాటరీ పెట్టెలోనే ఉండనిండు, డబ్బాను మాత్రం సరంగు వెనుక బల్ల క్రింద, గాలి ఆడు చోట, పట్టీతో కట్టి ఉంచుడు. పెట్టెకు పైన ఒకటి, క్రింద ఒకటి గాలి రంధ్రాలు, తుంపరలు పడకుండ రెప్పలతో, తప్పక ఉండవలెను. చార్జి అగు బ్యాటరీ నుండి కూడ మండు వాయువు వెలువడును.

బ్యాటరీ పడవ తలక్రిందులైనను కదలనంత గట్టిగా పట్టీ వేయుడు. కొనలకు రబ్బరు తొడుగులు ఉండవలెను. ఫ్యూజును బ్యాటరీకి జానెడు లోపలనే పెట్టుడు. దూరంగా పెట్టినచో నడుమ తీగకు రక్షణ ఉండదు. దీపమును సరంగు కంటికి వెలుగు కొట్టని చోట, అతని తలకు పైగా గాని, బాగుగా ముందుకు గాని అమర్చవలెను.

ఆపు తాడు

మోటారు పిడి పట్టి వెనుక కూర్చున్న సరంగు నీటిలో పడినచో పడవ వంకర తిరిగి, చుట్టు తిరుగుచు, పడినవాని మీదికే వచ్చును. నడుమ నిలుచున్న సరంగు పడినను పడవ తనంతట తాను పోవుచునే ఉండును, మనుషులతో సహా. దీనికి మందు ఒక్క మూర తాడు. మోటారును ఆపు బుడిపె దగ్గర ఒక గుబ్బ ఉండును, దానికి తాడు కట్టి ఉండును. తాడు రెండవ కొస సరంగు మొలకు గాని, మణికట్టుకు గాని తగిలించవలెను. అతడు పడగానే గుబ్బ ఊడును, మోటారు ఆగును. కొత్త మోటార్లలో చాలవాటికి ఇది కంపెనీ నుండియే వచ్చును. చాల పడవలలో ఆ గుబ్బను తీగతో శాశ్వతంగా కట్టివేసి, తాడును పసుపుకుంకుమలు పెట్టి మోటారుకు దండగా వేసియుండుట చూడవచ్చును. పెట్టె కట్టించినపుడు ఈ బుడిపెను చక్రం పక్కకు తెప్పించుకొనుడు. సరంగు తాడు తగిలించక మోటారు అంటించరాదు. ప్రయాణికులలో ఒకనికైనను మోటారు ఆపుట నేర్పియుంచవలెను.

తేలు దిమ్మెలు

పెట్టె వచ్చిన తరువాత పడవలో బరువు పెరిగినది. కాబట్టి తేలు సామర్థ్యం కూడ పెంచవలెను. బల్లల క్రింద ఖాళీలలో నీరు పీల్చని పాలియూరితేను నురుగు దిమ్మెలు అమర్చుడు. ఒక లీటరు దిమ్మె సుమారు ఒక కిలో బరువును నీటిపై నిలుపును. వంద కిలోల మోటారు, పెట్టె కలిసి మునుగకుండ ఆపుటకు ఎంత కావలెనో మీరే లెక్క కట్టుకొనవచ్చును. చౌకగా దొరుకు తెల్ల థర్మోకోలు మీద రెసిను పోయవద్దు. రెసిను దానిని చక్కెరవలె కరగించివేయును. థర్మోకోలే వాడదలచినచో మందపు ప్లాస్టిక్కు సంచిలో మూసి, రెసిను తగులకుండ పెట్టుడు.

నీటిలో దింపినపుడు

మొదటి రోజు సరుకు లేకుండ, లైఫ్ జాకెట్లు తొడుగుకొని ఇద్దరు మాత్రమే ఎక్కుడు. ప్రవాహం లేని మళ్లులో చక్రమును కుడి కొసకు, ఎడమ కొసకు త్రిప్పి, మోటారు రెండు వైపుల సమంగా తిరుగుచున్నదో లేదో చూడుడు. చక్రం కుడికి త్రిప్పినపుడు పడవ ఎడమకు పోవుచున్నచో కేబులు తలక్రిందుగా తగిలినదన్నమాట. నవ్వవద్దు, ఇట్లు జరుగుచునే ఉండును. తరువాత నెమ్మదిగా వలయాలు తిరుగుడు. ఆపు తాడును రెండు మూడు సార్లు లాగి చూడుడు. రెండవ రోజు ఇసుక బస్తాలు నిండుగా వేసి అదే పరీక్ష చేయుడు. ఒరుగుడు కొలత మునుపటి కంటె పెరిగినచో పెట్టెను ఇంకను తేలిక చేయవలసియున్నది. నిలుచుండి నడపుట తేలికపాటి నీటికే. అలలు లేచినపుడు సరంగు వెనుక బల్ల మీద కూర్చుండవలెను. చక్రం ఎత్తు కూర్చున్నను అందునట్లు ముందే చూచుకొనుడు.

అణియంలో లంగరు, దాని తాడు ముడిపడకుండ చుట్టి, సరుకు క్రింద కాక పైన ఉండవలెను. నడుమ మోటారు ఆగినచో ప్రవాహం నుండి పడవను నిలుపునది అదొక్కటే. రెండు తెడ్లు, ఒక గడ ఎట్లును ఉండవలసినవే.

గ్రామాధికారుల దృష్టికి

భద్రాచలం వద్ద 1986 ఆగస్టులో గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలై 16న 71.3 అడుగులకు పెరిగినది. ధవళేశ్వరం వద్ద 10 లక్షల క్యూసెక్కులు దాటగానే మొదటి హెచ్చరిక, 13 లక్షలకు రెండవది, 17 లక్షలకు మూడవది ఇచ్చుట మీకు తెలిసినదే. మొదటి హెచ్చరిక నాటికి అనేక లంకల దారులు నీట మునుగును, తరువాత పడవే దారి. ఆనాడు పడవను సరిచూచుటకు వ్యవధి ఉండదు. పంచాయతీ అధీనంలో గాని, గ్రామస్థుల ఉమ్మడి చేతిలో గాని ఉన్న మోటారు పడవలను మే నెల చివరి వారంలోనే నీటిలో దింపించి, పై పరీక్షలు మీ ఎదుట చేయించుడు. పడవకు ఎందరు, ఎంత సరుకు అని స్టీరింగు పెట్టె ముందు గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాయించుడు. రేవు నుండి ఎక్కువారికి అది కనబడు చోటు. పిల్లలు బడికి పోవు పడవ అయినచో పిల్లల సంఖ్యను వేరుగా వ్రాయించుట మంచిది.

లోతట్టు జలమార్గాల నౌకలను గూర్చి 1917 నాటి చట్టం స్థానంలో 2021లో కొత్త చట్టం వచ్చినది. మోటారు పడవలకు రిజిస్ట్రేషను, తనిఖీ దాని క్రిందకు వచ్చును. పడవలో పెట్టె అమర్చుట కూడ మార్పే గనుక, పని మొదలుపెట్టుటకు ముందే సంబంధిత అధికారికి తెలిపి, కొత్త కొలతలు పత్రాలలో ఎక్కించుకొనవలెనని రైతులకు చెప్పుడు. సముద్రపు వేటకు పోవు పడవల విషయం మత్స్యశాఖవారి వద్ద విచారించవలెను. కాకినాడలో జగన్నాథపురం వద్ద గల రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఇటువంటి పడవల పనిని గూర్చి అడిగి తెలిసికొనుటకు దగ్గరి చోటు.

పనులు ముగిసి పడవను గట్టునెక్కించునపుడు మోటారును, బ్యాటరీని విప్పి ఇంటికి చేర్చుడు. పెట్టె తలుపును మూయక తెరచి ఉంచి, పైన తాటాకు కప్పుడు. మూసిన పెట్టెలో చెమ్మ పట్టును. బోల్టులను ఒక్కొక్కటిగా స్పానరుతో తాకి, వదులైన వానిని బిగించుడు. కేబులు కొనలకు గ్రీజు రాయుడు. గొట్టం మూతుల గుడ్డలు ఊడినవో లేదో నెలకొకమారు చూచుచుండుడు.